ఏ సిలిండర్? ఎందుకు? : ఇంజన్ మిస్సింగ్ వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజుల గురించీ యుద్ధాల గురించీ కాకుండా ఒక చప్పుడు గురించి మాట్లాడుకుందాం. పాత కారుగానీ, జీపుగానీ వాడినవాళ్ళకి ఆ చప్పుడు బాగా తెలుసు. బండి స్టార్ట్ చేసి అలా వదిలేస్తే ఇంజన్ నిలకడగా తిరగాలి. అలా తిరక్కుండా మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పిపోతూ, బండి మొత్తం వణుకుతూ ఉంటుంది. మన షెడ్లలో దీన్ని "మిస్సింగ్" అంటారు. "బండి మిస్సింగ్ కొడుతోంది" అనే మాట మీరు వినే ఉంటారు. పుస్తకాల్లో అయితే మిస్‌ఫైర్ అని రాస్తారు.

ఈ మిస్సింగ్‌ని పట్టుకోవడానికి మనుషులు ఏమేం చేశారు? దీనికి పెద్ద చరిత్రే ఉంది. అది చెప్పేముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. చివర్లో మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

2002 ప్రాంతంలో మా మావయ్య దగ్గర ఒక పాత నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు ఉండేది. పెళ్ళిళ్ళకీ, తిరుపతి ప్రయాణాలకీ కిరాయికి తిప్పేవాడు. ఇల్లు గడిచేది దానిమీదే. ఒక వేసవిలో ఆ బండికి మిస్సింగ్ మొదలైంది. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. రెండో ఆయన పాయింట్లు, కండెన్సర్ మార్చాడు. మూడో ఆయన కాయిల్ మార్చి, కార్బురేటర్ విప్పి కడిగాడు. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించేది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. మే నెల ముహూర్తాల్లో బండి ఇంటి ముందు నిలబడిపోయింది. "అమ్మేద్దామా" అని అత్తయ్య అంటే మావయ్య బదులు చెప్పలేదు.

ముగ్గురు మెకానిక్కులూ చేతకానివాళ్ళేం కాదు. మరి ఎక్కడ పొరపాటు జరిగింది? అది తెలియాలంటే వందేళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

ముందు ఒక్క చిన్న విషయం. పెట్రోలు ఇంజన్ సిలిండర్‌లో మంట సరిగ్గా రావాలంటే నాలుగు కుదరాలి. పెట్రోలూ గాలీ సరైన పాళ్ళలో కలవాలి. ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకోవాలి, అదే కంప్రెషన్. తగినంత స్పార్క్ రావాలి. ఆ స్పార్క్ సరైన సమయానికి పడాలి. నాలుగింట్లో ఏది తప్పినా బయటికి వినిపించే చప్పుడు మాత్రం ఒకటే. జ్వరం లాంటిదన్నమాట. జ్వరం వచ్చిందని తెలుస్తుంది, ఎందుకొచ్చిందో థర్మామీటర్ చెప్పదు కదా.

ఇప్పుడు 1888కి వెళ్దాం. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886లో పేటెంట్ తీసుకున్నాడు. దాంట్లో బ్యాటరీతో నడిచే కాయిల్ నుంచి స్పార్క్ వచ్చేది. మొత్తం బండిలో తనకి అన్నిటికంటే కష్టమైన సమస్య ఈ ఇగ్నిషనే అని బెంజ్ భావించేవాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్తకి చెప్పకుండా ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుని తొడుగు పోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని దానికి చుట్టింది.

అంటే ఒకే ప్రయాణంలో పెట్రోలు లోపం ఒకటి, కరెంటు లోపం ఒకటి. రెండిట్నీ ఆవిడే పట్టుకుంది. కానీ ఆవిడకి ఒక వెసులుబాటు ఉంది. ఆ ఇంజన్‌కి సిలిండర్ ఒక్కటే. "ఏ సిలిండర్ మిస్సవుతోంది" అనే ప్రశ్నే అక్కడ లేదు. "ఎందుకు" అన్నది ఒక్కటే మిగిలింది.

సిలిండర్లు రెండు, నాలుగు, ఆరు అయ్యాక మొదటి ప్రశ్న పుట్టింది. నాలుగు గొంతులు కలిసి పాడుతున్నప్పుడు అపశ్రుతి ఎవరిదో ఎలా తెలుస్తుంది?

దీనికి చాలా అందమైన జవాబు 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఉంది. 1927 దాకా కోటిన్నర బళ్ళు తయారయ్యాయి. కొన్నవాళ్ళలో చాలామంది రైతులు. ఊళ్ళో మెకానిక్ ఉండడు, బాగుచేసుకోవాల్సింది ఎవరికి వారే. ఆ బండిలో డ్రైవరు ముందర ఒక పెట్టె, దాంట్లో నాలుగు కాయిల్స్, సిలిండర్‌కి ఒకటి. ప్రతి కాయిల్ మీదా ఒక సన్నటి రేకు ఉంటుంది. కరెంటు వచ్చినప్పుడు అది తుమ్మెదలా జుమ్మని అదురుతుంది. అది అదిరినంతసేపూ స్పార్కులు వస్తాయి.

మిస్సింగ్ వస్తే ఏం చేయాలో ఫోర్డ్ కంపెనీ యజమానుల పుస్తకంలోనే చెప్పింది. పద్ధతి ఇదీ. ఇంజన్‌ని కాస్త వేగంగా తిరగనివ్వండి. ఒకటో, నాలుగో కాయిల్స్ రేకుల్ని వేళ్ళతో నొక్కిపెట్టండి. ఆ రెండు సిలిండర్లూ ఆగిపోతాయి. మిగిలిన రెండూ, మూడూ శుభ్రంగా కొడుతుంటే లోపం మీరు నొక్కిపెట్టినవాటిలో ఉన్నట్టు. తర్వాత మరో మూడు రేకుల్ని నొక్కి, ఒక్కో సిలిండర్‌నీ ఒంటరిగా పలికించి చూడండి. ఏది పలకదో అదే దొంగ.

దీని గొప్పతనం గమనించారా? మీటరు లేదు, పానా లేదు, ఉన్నవల్లా నాలుగు వేళ్ళు. ముఖ్యంగా, ఏ భాగమూ మార్చకముందే లోపం ఎక్కడుందో తేల్చేస్తున్నారు. "ఏది" అనేది తేలాకే "ఎందుకు" అనేదానికి వెళ్తున్నారు.

ఇక అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ అనే ఊరు. అక్కడ చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు 1909లో స్నేహితుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి ఒక సంస్థ పెట్టాడు. పేరు డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ. ఆ పేరులోని మాటల మొదటి అక్షరాలన్నీ కలిపితే డెల్కో. ఇప్పుడు మీలో కొందరికి వెలిగి ఉంటుంది! మన షెడ్లలో డిస్ట్రిబ్యూటర్‌ని ఏమంటారు? "డెల్కో" అంటారు. "డెల్కో తిప్పి టైమింగ్ పెట్టు" అంటారు. డేటన్‌లో పుట్టిన కంపెనీ పేరు మన ఆటోనగర్లలో వస్తువు పేరైపోయింది.

1912 మోడల్ క్యాడిలాక్ కారులో కెటరింగ్ బృందం సెల్ఫ్ స్టార్టర్, లైట్లు, ఇగ్నిషన్ మూడిట్నీ ఒకే ఏర్పాటుగా ఇచ్చింది. ఆయన పేరుమీద తర్వాత స్థిరపడ్డ ఇగ్నిషన్ పద్ధతి ఏమిటంటే, సిలిండర్‌కో కాయిల్ అక్కర్లేదు, అన్నిటికీ కలిపి ఒక్కటి చాలు. ఒక జత పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా కాయిల్‌లో వేల వోల్టుల కరెంటు పుడుతుంది. పాయింట్ల దగ్గర మంట లేచి కాలిపోకుండా కండెన్సర్ కాపాడుతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటరు ఆ కరెంటుని వరసప్రకారం ఒక్కో ప్లగ్గుకీ పంచుతుంది. మన అంబాసిడర్‌కీ, ప్రీమియర్ పద్మినీకీ ఆ వరస 1-3-4-2. ప్రపంచమంతా అరవై ఏళ్ళపాటు దాదాపు ఈ పద్ధతిమీదే నడిచింది.

లాభం పెద్దదే, చిన్న నష్టం కూడా ఉంది. మోడల్ టిలో కాయిల్ పాడైతే ఒక్క సిలిండరే పోతుంది, ఏదో తెలిసిపోతుంది. ఇక్కడ కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటరు అన్ని సిలిండర్లకీ ఉమ్మడి. వాటిలో లోపముంటే నాలుగూ తడబడతాయి. ప్లగ్గూ, దాని వైరూ, టోపీలోని ఆ గడీ, వాల్వులూ, పిస్టన్ రింగులూ మాత్రం ఏ సిలిండర్‌వి దానికే. అందుకని ముందు తేల్చాల్సింది ఒకటే: ఒకే సిలిండర్ మిస్సవుతోందా, అన్నీ వంతులవారీగా తప్పుతున్నాయా? మొదటిదైతే కాయిల్ మార్చడం దండగ. రెండోదైతే ప్లగ్గు ఒక్కటీ మార్చడం దండగ.

దాన్ని తేల్చే పద్ధతి కూడా మోడల్ టి నుంచి వచ్చిన వారసత్వమే. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం. పనిచేస్తున్న సిలిండర్ వైరు పీకితే ఇంజన్ ఇంకా కుంటుతుంది. పీకినా ఏ తేడా రాకపోతే అది అంతకుముందే చచ్చిపడి ఉన్నట్టు. (కొత్త బళ్ళమీద దయచేసి ఇది చేయకండి, కాయిల్ కాలిపోవచ్చు, షాక్ కూడా గట్టిగా కొడుతుంది.)

కెటరింగ్ కథలో ఇంకో మలుపుంది. మా మావయ్య బండికి అదే ముఖ్యం. ఆ రోజుల్లో ఇంజన్లలో "నాకింగ్" అనే కొట్టుడు మొదలైంది. కెటరింగ్ పెట్టిన బ్యాటరీ ఇగ్నిషనే దానికి కారణమని కొందరు నిందించారు. ఆయన ఆ మాటని పరీక్షకి పెట్టాడు. లోపం స్పార్క్‌లో కాదు, పెట్రోలులో ఉందని తేలింది. దానికి విరుగుడు వెతుకుతూ ఆయన కింద పనిచేసే థామస్ మిడ్జ్‌లీ 1921 డిసెంబరులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనాన్ని పట్టుకున్నాడు. 1923లో డేటన్‌లోనే సీసం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. నాకింగ్ తగ్గింది. కానీ సీసం మసి ప్లగ్గుల మీదా వాల్వుల మీదా పేరుకుని కొత్త రకం మిస్సింగ్ తెచ్చింది. ఆ మసిని పొగతోపాటు బయటికి పంపడానికి ఇంకో రసాయనం కలపాల్సి వచ్చింది. ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందో ప్రపంచం గట్టిగా అడగడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

ఈలోగా విమానాల దగ్గరికి ఒకసారి వెళ్ళొద్దాం, ఎందుకంటే "ఏ సిలిండర్" అనే ప్రశ్న పరాకాష్ఠకి చేరింది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా బి-36 అనే బాంబర్‌ని వాడింది. దానికి ఆరు పిస్టన్ ఇంజన్లు. ఒక్కో ఇంజన్‌కి 28 సిలిండర్లు, సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. లెక్క వేయండి: 336 ప్లగ్గులు! దాంట్లో ఒకటి మిస్సవుతోందంటే వేళ్ళతో నొక్కి చూసే పని కాదు. ఆ కాలపు పెద్ద విమానాల కోసం ఇంజన్ ఎనలైజర్ అనే పరికరం వచ్చింది. ప్రతి ప్లగ్గుకీ వెళ్ళే కరెంటు తెరమీద ఒక గీతలా కనిపిస్తుంది. ప్లగ్గు మసిబారితే గీత ఒక రకంగా, వైరు తెగితే ఇంకో రకంగా ఉంటుంది. గాల్లో ఉండగానే ఫ్లైట్ ఇంజనీరు ఆ గీతలు చదివేవాడు.

ఇలాంటి తెరలే కార్ల గ్యారేజీలకీ వచ్చాయి. అమెరికాలో సన్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు చక్రాల బండిమీద బీరువా అంత పరికరాలు అమ్మాయి. చెవితో విన్నదాన్ని కంటితో చూడటం మొదలైంది. అయితే ఆ తెర చూపించేది కరెంటు కథ. వాల్వు కాలిపోయిందా, రింగు అరిగిందా అంటే కంప్రెషన్ గేజీ పెట్టి చూడాల్సిందే.

1973 నాటికి క్రైస్లర్ తన అమెరికా కార్లన్నిటిలో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. 1975 మోడళ్ళతో అమెరికా కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ఇక్కడే మిస్సింగ్ అర్థం మారిపోయింది. అప్పటిదాకా అది యజమాని బాధ. ఇప్పుడు మిస్సయిన సిలిండర్‌లో కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి, దాన్ని కరిగించేస్తుంది. పొగ ఊరంతటికీ సమస్య. అందుకే ప్రభుత్వాలు మిస్సింగ్‌ని బండి తనంతట తానే పసిగట్టాలన్నాయి. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో ఓబీడీ మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో వచ్చాయి.

బండి ఎలా పసిగడుతుంది? ఒక సిలిండర్ కాలినప్పుడల్లా క్రాంక్ షాఫ్ట్ వేగం ఒక్క క్షణం కాస్త పెరుగుతుంది. కాలకపోతే కాస్త తగ్గుతుంది. క్రాంక్ దగ్గర పళ్ళ చక్రం, దాని పక్కన సెన్సర్ ఉంటాయి. ఆ తేడాని కంప్యూటర్ కొలిచి, మూడో సిలిండర్ అయితే పి0303 అని కోడ్ చూపిస్తుంది. రైతు వేళ్ళతో చేసిన పనే ఇది. ఇంజన్ కుంటిందా లేదా అని వినడమే, కాకపోతే చెవికి బదులు సెన్సర్.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. పి0303 అంటే "మూడో సిలిండర్ ప్లగ్గు మార్చు" అని కాదు. "మూడోది పలకడం లేదు" అని మాత్రమే. కొత్త కార్లలో కూడా కోడ్ చూడగానే ప్లగ్గూ కాయిలూ మార్చేసి, మళ్ళీ అదే కోడ్ వస్తే తల పట్టుకునేవాళ్ళు ఎంతోమంది. వందేళ్ళకి పైగా కాలంలో సాధనాలు "ఏది" అన్నదానికి జవాబు చెప్పడంలో ఎంతో ముందుకెళ్ళాయి. "ఎందుకు" అన్నది మాత్రం ఇంకా మనిషికే వదిలిపెట్టాయి.

ఇప్పుడు మావయ్య బండి దగ్గరికి వద్దాం. ఎవరో చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మావయ్య మార్చిన సామానంతా చెప్పుకొస్తుంటే ఆయన మధ్యలోనే ఆపాడు.

"అవన్నీ తర్వాత చెబుదురుగాని. మిస్సయ్యేది ఒకటా, అన్నీనా? ఎవరన్నా చూశారా?"

మావయ్య నా వైపు చూశాడు. ఎవరూ చూడలేదు.

మేస్త్రి ఇంజన్ నడుస్తుండగా రబ్బరు తొడుగున్న పట్టకారుతో వైర్లు ఒక్కొక్కటే పీకాడు. ఒకటి, ఇంజన్ కుంటింది. రెండు, కుంటింది. మూడు పీకితే ఏ మార్పూ లేదు. నాలుగు, కుంటింది. తర్వాత మూడో ప్లగ్గు తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టాడు. లోపం ప్లగ్గుతోపాటు ఒకటికి వెళ్తే ప్లగ్గుదే తప్పు. వెళ్ళలేదు, మూడులోనే ఉండిపోయింది. వైరు మార్చి చూశాడు. అప్పుడూ మూడే. చిన్న కాగితం ముక్క తీసుకుని పొగ గొట్టం దగ్గర పట్టుకున్నాడు. మామూలుగా కాగితం బయటికి ఊగాలి. ఇది ఉండుండి లోపలికి లాక్కుంటోంది. కంప్రెషన్ గేజీ పెడితే మూడు సిలిండర్లలో 120కి పైన, మూడో దాంట్లో 70. ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూశాడు. రింగులు అరిగితే ఆయిల్ వల్ల ప్రెషర్ పెరగాలి. పెరగలేదు. అంటే వాల్వు.

టాపెట్ మూత తీసి ఫీలర్ గేజీ పెడితే మూడో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర సందే లేదు. "చప్పుడు చేసే టాపెట్‌తో భయం లేదండీ. మూగబోయిందంటేనే చూసుకోవాలి" అన్నాడు. హెడ్డు దించితే వాల్వు అంచు ఒకవైపు కాలి ఊడిపోయి ఉంది. వాల్వు కూర్చునే సీటు లోపలికి అరిగిపోయింది. సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరుగుతుంది, టాపెట్ సందు మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి మంట పోయి వాల్వుని కాల్చేస్తుంది.

"సీసం పెట్రోలు ఆపేశాక ఈ పాత హెడ్లు ఇలా కొన్ని వస్తున్నాయి" అన్నాడాయన. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి ఆగిపోయింది. పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటుని పోత ఇనుప హెడ్డులోనే నేరుగా చెక్కేవారు. సీసం మసి దానిమీద పల్చటి పొరలా ఉండి అరుగుదల నుంచి కాపాడేది. అది పోయాక, ముఖ్యంగా బరువుతో దూరప్రయాణాలు చేసే బళ్ళలో, సీటు అరిగే ప్రమాదం ఉంది. మావయ్య బండికి కచ్చితంగా అదే కారణమని నేను రుజువు చేయలేను, వయసు కూడా తోడై ఉంటుంది. కానీ మేస్త్రి అనుమానం అర్థంలేనిది కాదు.

సీసం ఆపడం తప్పా అంటే, ఎంతమాత్రం కాదు. అది విషం. పసిపిల్లల మెదళ్ళని దెబ్బతీసే విషం. ఆపడం ఆలస్యమైందే తప్ప తొందరపడింది లేదు. పాత ఇంజన్‌కి ఉపాయం ఉంది: లేత్‌లో సీటు తొలిచి గట్టి ఉక్కు రింగు వేయించుకోవాలి. మేస్త్రి అదే చేయించాడు, కొత్త వాల్వు పెట్టాడు, టాపెట్లు సరిచేశాడు. నాలుగో రోజు సాయంత్రం స్టార్ట్ చేస్తే బండి కుట్టుమిషన్‌లా తిరిగింది. మావయ్య చాలాసేపు బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆలోచించి చూడండి. అప్పట్లో కెటరింగ్ విషయంలో లోపం పెట్రోలులో ఉంటే నింద స్పార్క్ మీద పడింది. ఎనభై ఏళ్ళ తర్వాత మా మావయ్య బండిలో లోపం వాల్వులో ఉంటే డబ్బంతా స్పార్క్ సామాన్ల మీద పోయింది. ప్లగ్గు విప్పడం తేలిక, హెడ్డు దించడం కష్టం. అందుకే మన అనుమానం ఎప్పుడూ తేలిగ్గా విప్పగలిగేదాని మీదికే వెళ్తుంది. ఆ ముగ్గురు మెకానిక్కులు "ఏం మార్చాలి" అని ఆలోచించారు. ఆయన "ఏది పలకడం లేదు" అని అడిగాడు. ఆ ప్రశ్న మోడల్ టి రైతుకి తెలుసు, బి-36 ఫ్లైట్ ఇంజనీరుకి తెలుసు, ఈనాటి కంప్యూటర్‌కీ తెలుసు.

మీ దగ్గర పాత బండి ఉండి మిస్సింగ్ కొడుతుంటే, షెడ్డులో సామాను చీటీ రాసేముందు మీరూ ఆ రెండు ప్రశ్నలు వరసగా అడగండి. ముందు "ఏ సిలిండర్", ఆ తర్వాతే "ఎందుకు".

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మరో విషయంతో కలుద్దాం.